మెమరీ కార్డు కొన్న రోజే పరీక్షించండి



కిందటి సంవత్సరం మన ట్రస్టు ఉపకార వేతనాల సభలో బహుమతులు తీసుకున్న పిల్లల ఫోటోలు ఈ బులెటిన్‌లో ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. కొందరు నన్నే అడిగారు, కొందరు నేను లేనప్పుడు అడిగారు. ఫోటోలు తీసింది బి.కామ్. రెండో సంవత్సరం చదువుతున్న మన అబ్బాయే. తప్పు అతనిది కాదు. కెమెరాది కూడా కాదు. కెమెరాలో వేసిన మెమరీ కార్డు కొన్నది నేను.

సభకు రెండు రోజుల ముందు ముంబై వెళ్ళిన పని మీద, స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద 64 జీబీ కార్డు ఒకటి సగం ధరకు కనిపించింది. పేరున్న కంపెనీ కార్డులాగే ఉంది, ప్లాస్టిక్ అట్ట సీలు కూడా ఉంది. ట్రస్టు డబ్బు కొంత మిగిల్చానన్న సంతోషంతో పూర్ణకు తిరిగివచ్చాను. బిల్లు అడగలేదు. బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా రసీదు లేకుండా ఒక్క రూపాయి ముట్టని మనిషిని!

సభ రోజు పొద్దున జ్యోతి ప్రజ్వలన మొదలుకొని అన్నీ వరుసగా తీశాడు అబ్బాయి. తీసిన ప్రతి ఫోటో కెమెరా వెనుక తెర మీద చక్కగా కనిపించింది. సాయంత్రం కార్డును కంప్యూటర్‌కు పెట్టి చూస్తే మొదటి రెండు వందల యాభై ఫోటోలు, ముఖ్య అతిథిగారి ఇరవై అయిదు నిమిషాల ప్రసంగం వీడియో భద్రంగా ఉన్నాయి. ఆ తరువాతవన్నీ పేర్లే ఉన్నాయి గాని తెరుచుకోలేదు. కొన్ని సగం బొమ్మ, సగం బూడిదరంగు. బహుమతి ప్రదానం మొత్తం పోయింది. ప్రసంగం మాత్రం ఒక్క మాట కూడా పోలేదు.

మరునాడు ఒక తండ్రి వచ్చాడు. సాంచాల మీద పనిచేసే మనిషి, ముందు రోజు ఒక పాళీ మానుకొని సభకు వచ్చాడు. పాళీ మానితే ఆ పూట కూలి ఉండదని మీకు చెప్పనక్కరలేదు. కూతురు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంది. “ఫోటో వచ్చిందా సారు? సిరిసిల్లల మా అమ్మకు పంపియ్యాలె. బిడ్డ స్టేజీ ఎక్కిందంటే నమ్ముతలేదు” అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ తరువాత ఈ కార్డుల సంగతి కూర్చొని నేర్చుకున్నాను. కార్యదర్శిగారు రాయమంటే రాస్తున్నాను. మన పిల్లల్లో కొందరు ఫీజు ఖర్చుల కోసం పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్లకు సహాయకులుగా వెళుతున్నారు. వాళ్ళకు ఇది మరీ అవసరం. పెళ్ళి రెండోసారి చేయించలేము కదా.

ముందు, జరిగింది ఏమిటో చెబుతాను. ప్రతి మెమరీ కార్డులో రెండు ముఖ్యమైన భాగాలు ఉంటాయి. ఒకటి సమాచారం దాచే చిప్పు. రెండోది ఆ చిప్పును నడిపే చిన్న కంట్రోలర్. కెమెరాగాని, కంప్యూటర్‌గాని నేరుగా చిప్పులోకి చూడలేదు. “నీలో ఎంత చోటు ఉంది?” అని కంట్రోలర్‌ను అడుగుతుంది, అది చెప్పిందే నమ్ముతుంది. నకిలీ కార్డు చేసేవారు 8 జీబీ చిప్పు పెట్టి, “64 ఉంది” అని చెప్పేటట్టు కంట్రోలర్‌లో రాస్తారు. అంటే పాస్‌బుక్కులో అంకె 64, స్ట్రాంగ్‌రూములో ఉన్నది 8. ఎనిమిది నిండేవరకు అంతా సవ్యంగా నడుస్తుంది. ఆ తరువాత వచ్చిన ప్రతిదానికీ “జమ అయింది” అని రసీదు ఇస్తుంది గాని జమ చేయదు. కొన్ని కార్డులు కొత్తది తీసుకొని పాతదాని మీదనే రాసేస్తాయి, అప్పుడు ముందువి కూడా పోతాయి. మరి తీసిన వెంటనే తెర మీద ఎలా కనిపించిందంటే, ఆ బొమ్మ ఇంకా కెమెరా సొంత జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి. అది చూసి కార్డులో పడిందని అనుకోరాదు.

కంప్యూటర్‌లో కార్డు మీద మౌసు నొక్కి ‘ప్రాపర్టీస్’ చూస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. అక్కడ కనిపించేది కూడా కంట్రోలర్ చెప్పిన మాటే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల అసలు కార్డును కూడా నకిలీ అని తిరిగి ఇచ్చినవారు ఉన్నారు. 64 జీబీ కార్డు పెడితే విండోస్ కంప్యూటర్ 59.6 దగ్గరగా చూపిస్తుంది. 32 అయితే 29.8. ఇది మోసం కాదు. కంపెనీ ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తుంది. విండోస్ 107,37,41,824 బైట్లను ఒక జీబీగా లెక్కిస్తుంది. 6400 కోట్లను ఆ సంఖ్యతో భాగించి చూడండి, 59.6 వస్తుంది. కామర్స్ విద్యార్థులు క్యాలిక్యులేటర్ లేకుండా చేస్తే మరీ మంచిది.

కెమెరాకు జ్ఞాపకం అన్నది మొదటినుంచీ తలనొప్పే. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఫోటోను క్యాసెట్ టేపు మీద దాచేది. పది వేల చుక్కల నలుపు తెలుపు బొమ్మ ఒకటి టేపుకెక్కడానికి 23 సెకన్లు పట్టేది. కరెంటు తీసేసినా సమాచారం నిలిచే ఫ్లాష్ మెమరీని 1980లలో జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టారు. దాని లోపల కంటికి కనిపించని గదులు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక్కో గదిలో విద్యుత్ కణాలను బంధించి ఉంచడమే రాయడం, వాటిని వదిలేయడమే చెరపడం. ఫ్లాష్ కార్డులకు పేరు తెచ్చిన శాన్‌డిస్క్ కంపెనీని 1988లో ముగ్గురు కలిసి స్థాపించారు. వారిలో ఒకరు మన దేశంవారే, కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా. పిలానీ బిట్స్‌లో చేరి, అక్కడినుంచి అమెరికాలోని బర్కిలీకి వెళ్ళి చదువుకున్నారు. 2017 నుంచి మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీకి అధిపతి. ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఇక కార్డు ఎంచుకోవడం. మొదట చూడవలసింది కార్డును కాదు, కెమెరాను. మన విద్యార్థిని ఒకామె వాళ్ళ మామయ్య 2005లో కొన్న చిన్న కెమెరాను పెట్టెలోంచి తీసి తెచ్చింది. ఈమధ్య పిల్లలకు పాత కెమెరాల మీద మోజు మళ్ళీ వచ్చింది. దానికి కొత్త 64 జీబీ కార్డు కొన్నది. కెమెరా ‘కార్డు ఎర్రర్’ అని తప్ప మరేమీ అనలేదు. కెమెరా పాడైందని బాధపడింది. కెమెరా బాగానే ఉంది, కార్డూ బాగానే ఉంది, ఇద్దరికీ భాష కలవలేదు.

ఎస్‌డి కార్డును 1999లో శాన్‌డిస్క్, మత్సుషితా (అంటే పానాసోనిక్), తోషిబా కలిసి తెచ్చాయి. ఆ మొదటి రకం కార్డులు 2 జీబీ వరకే. 2006లో ఎస్‌డిహెచ్‌సి వచ్చింది, అది 32 జీబీ వరకు. 2009లో ఎస్‌డిఎక్స్‌సి, అది 2 టీబీ వరకు, అంటే రెండు వేల జీబీ. మూడూ చూడడానికి ఒకే బిళ్ళ, ఒకే కొలత, ఒకే గాడిలో పడతాయి. కొత్త కెమెరా పాత కార్డును తీసుకుంటుంది గాని పాత కెమెరా కొత్త కార్డును తీసుకోదు. కనుక 2006కు ముందు కెమెరా అయితే 2 జీబీ గాని అంతకంటే తక్కువ గాని సాదా ఎస్‌డి కార్డు వెతకాలి. ఆ అమ్మాయికి చివరకు పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర 1 జీబీ కార్డు దొరికింది. ఆ కెమెరాకు అదే రెండు మూడు వందల ఫోటోలకు చాలు. కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకంలో ఏ కార్డు, ఎన్ని జీబీ వరకు అన్నది రాసి ఉంటుంది. మనం ఆ పుస్తకాన్ని పెట్టెతోపాటు అటక మీద పడేస్తాం, అది వేరే సంగతి.

అంతకంటే పాతవి కూడా మన ఇళ్ళలో ఉన్నాయి. ఒలింపస్, ఫూజీ కెమెరాలు కొన్నిటికి 2002లో వచ్చిన ఎక్స్‌డి కార్డు పడుతుంది. పాత సోనీలకు మెమరీ స్టిక్. వీటి కార్డులు ఇప్పుడు వాడినవే దొరుకుతాయి గనుక అలాంటి కెమెరాను సరదాకు వాడుకోండి, పెళ్ళికి తీసుకెళ్ళకండి.

కార్డు మీద అంకెలు చాలా ఉంటాయి. అన్నీ తెలుసుకోనక్కరలేదు. పెద్ద అక్షరాలతో ‘170 ఎంబీ’, ‘200 ఎంబీ’ అని రాసింది కార్డునుంచి కంప్యూటర్‌లోకి తీసుకునే వేగం, అదీ అన్నీ కలిసివస్తే. మనకు కావలసింది కెమెరా కార్డులోకి రాసే వేగం. అది చిన్న గుర్తులలో ఉంటుంది. గుండ్రని సి అక్షరంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుందని హామీ. యు అక్షరంలో 3 ఉన్నా, పక్కన వీ30 అని ఉన్నా 30 ఎంబీ. కనీస హామీ అన్న మాట గమనించండి. వీడియో తీస్తున్నప్పుడు వేగం ఒక్క క్షణం తగ్గినా రికార్డింగు ఆగిపోతుంది, అందుకే ఆ కనీసమే ముఖ్యం. ఏ1, ఏ2 అన్న గుర్తులు ఫోన్లలో యాప్‌లు నడపడానికి సంబంధించినవి. కెమెరా కోసం వాటికి ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

ఎన్ని జీబీలు కావాలి? ఇది కూడా లెక్కే. 24 మెగాపిక్సెల్ కెమెరాలో మామూలు జేపెగ్ ఫోటో సుమారు 10 ఎంబీ. 64 జీబీలో ఆరు వేలకు పైగా పడతాయి. ఫోటోగ్రాఫర్లు తరువాత రంగులు సరిచేసుకోవడానికి తీసే ‘రా’ ఫైలు 25 నుంచి 30 ఎంబీ, అవి రెండు వేల పైచిలుకు. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అయితే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. అంటే 64 జీబీ కార్డు గంటా ఇరవై అయిదు నిమిషాలలో నిండుతుంది. ఈ లెక్క ప్రకారం వీ30 కార్డు ఆ వీడియోకు సరిపోతుంది. వీ60, వీ90 కార్డులు మన పిల్లలకు ఇప్పట్లో అవసరం రావు. ఆ డబ్బుతో రెండో కార్డు కొనుక్కోవడం మేలు.

ఒక పెద్ద కార్డా, రెండు చిన్న కార్డులా? నా అభిప్రాయం రెండు చిన్నవి. నగదంతా ఒకే సంచిలో పెట్టి పంపకూడదన్నది మాకు ఉద్యోగంలో మొదటి పాఠం. కాని ఇక్కడ పెళ్ళిళ్ళు చేసే ఒక ఫోటోగ్రాఫర్ నా మాట ఒప్పుకోలేదు. హడావుడిలో కార్డు మార్చేటప్పుడు కిందపడేవి, జేబులో పెట్టుకొని మరచిపోయి బట్టలతోపాటు ఉతికినవి ఆయన చాలా చూశాడట. పాడైన కార్డులకన్నా పారేసుకున్న కార్డులే ఎక్కువ అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆయన కెమెరాకు రెండు గాళ్ళు ఉన్నాయి, ప్రతి ఫోటో రెండు కార్డులలోనూ ఒకేసారి పడుతుంది. అలాంటి కెమెరా ఉన్నవారికి వాదమే లేదు. ఒక్క గాడి కెమెరా ఉన్నవారు రెండు కార్డులు, వాటికి ఒక చిన్న డబ్బీ పెట్టుకొని, మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చొని మార్చుకుంటే రెండు ప్రమాదాలూ తప్పుతాయి. కరెక్టుగా మంగళసూత్రం కట్టేటప్పుడు ‘కార్డు ఫుల్’ అని రాకుండా కూడా ఉంటుంది.

ఫోన్లలో వేసే మైక్రో కార్డును అడాప్టరులో పెట్టి కెమెరాలో వేయవచ్చు, పనిచేస్తుంది. కాని మధ్యలో ఇంకొక అతుకు వచ్చినట్టే. అతుకు ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని నేత పని ఎరిగిన మనవాళ్ళకు వేరే చెప్పాలా.

ఎక్కడ కొనాలి అన్నదానికి నా జవాబు ఒక్కటే, బిల్లు ఇచ్చే చోట. కంపెనీ అధీకృత విక్రేత అయితే మంచిది. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవారి పేరు చూడాలి. వెబ్‌సైటు పేరు వేరు, అందులో అంగడి పెట్టుకొని అమ్మేవారి పేరు వేరు. మన పూర్ణ, రాహ్నాల్, కాల్హేర్, దాపోడే, మాన్‌కోలి గోదాములలో మన పిల్లలు ఎందరో ప్యాకింగు పని చేస్తున్నారు. వాళ్ళనడిగితే చెబుతారు, వాళ్ళు పెట్టె మీద నంబరు చూసి పంపుతారు గాని పెట్టె లోపల ఏముందో విప్పి చూడరు. అట్ట మీద సీలు ఉన్నంత మాత్రాన లోపలిది అసలుదని కాదు. సీలు వేసే యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. అచ్చు తప్పులు, వెలిసిన రంగు, నంబరు లేకపోవడం వంటి గుర్తులు చూడమని కొందరు చెబుతారు. చూడండి, కాని వాటిని నమ్ముకోకండి. నా చేతుల మీదుగా వేల కట్టల నోట్లు పోయాయి, నకిలీ నోటు వేళ్ళకు తెలిసేది. ఆ కార్డును మాత్రం ఇప్పటికీ అసలుదాని పక్కన పెట్టి చూసినా నాకు తేడా కనిపించదు. కొన్ని వందల రూపాయలకు 1 టీబీ, 2 టీబీ అని అమ్మేవాటి విషయంలో మాత్రం పరీక్ష కూడా అక్కరలేదు, నకిలీవే.

మిగతా అన్నిటికీ పరీక్ష ఒక్కటే దారి. పరీక్ష అంటే కార్డును అంచువరకు నింపి, నింపింది తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోల్చడం. దీనికి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. విండోస్‌కు హెచ్2టెస్ట్‌డబ్ల్యు, ఇది జర్మనీలోని ఒక కంప్యూటర్ పత్రికవారు ఇచ్చింది. లినక్స్, మ్యాక్ వాడేవారికి ఎఫ్3. కార్డు ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. మొదలుపెట్టి వదిలేస్తే అదే చేసుకుంటుంది. సెకనుకు 30 ఎంబీ చొప్పున రాస్తే 64 జీబీకి 36 నిమిషాలు, తిరిగి చదవడానికి మరో పావుగంట. రెండు సీరియళ్ళు చూసేలోపు తేలిపోతుంది. చివర లోపం లేదని వస్తే కార్డు మంచిది. ఇన్ని జీబీలు పోయాయి అని వస్తే కార్డును, బిల్లును పట్టుకొని ఆ రోజే అంగడికి వెళ్ళాలి. నా కార్డును పరీక్షిస్తే మంచిభాగం 8 జీబీ కూడా నిండుగా లేదు.

ప్రోగ్రాము దొరకకపోతే మోటు పద్ధతి ఒకటి ఉంది. కంప్యూటర్‌లో ఉన్న పెద్ద వీడియో ఒకటి వేరువేరు పేర్లతో కార్డు నిండేవరకు కాపీ చేయాలి. తరువాత కార్డును తీసి మళ్ళీ పెట్టి, చివరి వీడియోలు, మధ్యవి, మొదటివి తెరిచి చూడాలి. తీసి మళ్ళీ పెట్టడం మరచిపోవద్దు, లేకుంటే కంప్యూటర్ తన జ్ఞాపకంలోదే చూపించవచ్చు.

అంగడివారు తిరిగి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు లేనివాడికి అక్కడ చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. నేను ఫోన్ చేయలేదు, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. వారంటీ గురించి కూడా ఒక మాట. అయిదేళ్ళు, పదేళ్ళు, జీవితకాలం అని రాస్తారు. అది కార్డుకే. కార్డు పాడైతే కొత్త కార్డు ఇస్తారు, ఫోటోలు ఇవ్వరు.

మంచి కార్డు కూడా మన చేతుల్లో పాడవుతుంది. ఫోటో తీసిన వెంటనే కెమెరా మీద చిన్న దీపం మిణుకుతుంది, కార్డులోకి రాస్తున్నానని దాని అర్థం. ఆ దీపం ఆరకుండా తలుపు తెరవడం, బ్యాటరీ లాగడం చేయకూడదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా తీయడం కూడా మంచిది కాదు, రాస్తుండగా మధ్యలో ఆగిపోతే ఆ ఫైలే కాదు, సూచిక కూడా చెడవచ్చు. మన ఊళ్ళో ఇంకొక శత్రువు నూలు పొట్టు. కార్ఖానా పక్కన ఉన్న ఇళ్ళలో అది గాలిలోనే ఉంటుంది, గాడిలోకి దూరి కూర్చుంటుంది. వానాకాలపు చెమ్మ దానికి తోడు. కార్డు డబ్బీలో ఉండాలి, కార్డు వెనుక బంగారు రంగు పట్టీలను వేలితో ముట్టకూడదు, గాడిలోకి నోటితో ఊదకూడదు. ఊదితే ఉమ్మి తుంపర లోపలికి పోతుంది. పెద్ద ఎస్‌డి కార్డు పక్కన చిన్న మీట ఉంటుంది, అది కిందికి జారితే కార్డుకు తాళం పడి కొత్త ఫోటోలు తీసుకోదు. చెడిపోయిందని కంగారుపడే ముందు ఆ మీట చూడండి.

కార్డును ఖాళీ చేయడం ఎప్పుడూ కెమెరాలోనే ‘ఫార్మాట్’తో చేయాలి, అదీ ఫోటోలు రెండు చోట్లకు చేరాయని తెరిచి చూసుకున్న తరువాతే. పాత కార్డు రీడర్‌కు కొత్త రకం కార్డు అర్థం కాక “దీన్ని ఫార్మాట్ చేయమంటారా?” అని అడుగుతుంది. వద్దు అని నొక్కి, వేరే రీడర్‌లో పెట్టి చూడాలి. సరే అని నొక్కినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

అలా నొక్కినా, పొరపాటున చెరిపినా వెంటనే ఒక పని చేయాలి. అది ఏ పనీ చేయకపోవడం. ఫోటో చెరిపినప్పుడు మామూలుగా కార్డు సూచికలో పద్దు కొట్టివేయబడుతుంది గాని, లోపలి ఫోటో వెంటనే పోదు. ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. తరువాత తీసే ఫోటో ఆ చోట పడితే మాత్రం పాతది తిరిగిరాదు. కనుక కార్డును బయటికి తీసి పక్కన పెట్టాలి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము సూచికను పట్టించుకోకుండా కార్డంతా వెతికి ఫోటోలను ఏరి తీస్తుంది. తీసినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో దాచాలి. మన సభ కార్డు మీద కూడా మా అబ్బాయి ఒక రాత్రంతా దీన్ని నడిపాడు. రాలేదు. చెరిపినది వెతికి తీయవచ్చు, అసలు రాయనిది ఎక్కడనుంచి వస్తుంది?

చివరగా, ఫోటోలను కార్డులో ఉంచుకోకండి. ఫ్లాష్ గదులలో బంధించిన విద్యుత్తు ఏళ్ళ తరబడి వాడకుండా పడేస్తే మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. ప్రతి గదిని ఇన్నిసార్లే రాసి చెరపగలమన్న పరిమితి కూడా ఉంది. కార్డు తెచ్చేందుకే గాని దాచేందుకు కాదు. తీసిన రాత్రే కంప్యూటర్‌లోకి, అక్కడినుంచి వేరే హార్డ్‌డిస్కులోకి దించుకోవాలి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ చెప్పిన పద్ధతి ప్రపంచమంతా పాటిస్తున్నారు. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఆ మూడోది మనవాళ్ళు తేలికగా తీసుకుంటారు. 2005 జులై 26 వరద చూసినవారు తీసుకోరు. భివండిలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలోని పెళ్ళి ఆల్బమ్‌లు, మార్కుల జాబితాలు కలిసి ముద్దయ్యాయి. ఇంట్లో మూడు ప్రతులున్నా నీళ్ళకు మూడూ ఒకటే. ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు పెట్టినా సరే, ఇంటర్నెట్‌లో పెట్టినా సరే. గూగుల్ ఖాతాతో ఉచితంగా 15 జీబీ వస్తుంది. ఫోటోలు ఎన్నైనా ఉచితం అన్నది 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇంకా ఉందనుకునేవారు గమనించగలరు. సర్టిఫికెట్ల ఫోటోలు తీసి కార్డులోనే ఉంచుకున్న విద్యార్థులు వాటినైనా వెంటనే దించుకోవాలి. బోర్డు ఇచ్చిన మార్కుల జాబితాలు డిజిలాకర్‌లో ఉంటే అక్కడినుంచి కూడా తీసుకోవచ్చు.

ఆ సిరిసిల్ల నాయనమ్మగారికి చివరకు ఫోటో వెళ్ళింది. వెనుక వరసలో కూర్చున్న ఎవరో తల్లి తన ఫోన్‌లో తీసినది, ముందు ఒకాయన తల అడ్డం వచ్చి అమ్మాయి సగమే కనిపిస్తున్నది. తండ్రి దాన్నే కడిగించి పంపాడు. మిగతా ఇరవై మంది పిల్లలకు అదీ లేదు. వారందరినీ ఈ సంవత్సరం సభకు తల్లిదండ్రులతో రమ్మని, ముందుగా వేదిక మీద నిలబెట్టి ఫోటో తీయాలని కార్యవర్గం నిర్ణయించింది. ఈసారి రెండు కార్డులు నా సొంత డబ్బుతో కొన్నాను, బిల్లులు కార్యదర్శిగారి వద్ద ఉన్నాయి, రెండూ పరీక్షలో నెగ్గాయి.

కొత్త కార్డు కొన్న విద్యార్థులు, కంప్యూటర్ లేనివారు ముఖ్యంగా, ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు గంటల మధ్య ట్రస్టు కార్యాలయానికి కార్డు, బిల్లు తీసుకొనిరాగలరు. పరీక్షించి ఇస్తాను. కార్డులో ఫోటోలేవీ ఉండకూడదు, పరీక్షకు కార్డు మొత్తం నింపవలసి వస్తుంది. 64 జీబీకి గంట పడుతుంది గనుక ఒక ఆదివారం ఇద్దరికి మించి వీలుకాదు. ముందుగా పేరు రాయించుకోండి.